క్రూజర్‌కు వెడల్పు టైరు: తొలకరికి ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

మే నెలాఖరుకు టైరు షాపుల ముందు రద్దీ పెరుగుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండ, ఆ వెనుకే మృగశిర, మొదటి వాన. ఏడాదంతా అరిగిన టైరుతో నెట్టుకొచ్చినవాళ్లు కూడా ఆ రెండు వారాల్లోనే కొత్త టైరు వేయించుకుంటారు. క్రూజర్ బైకు (సీటు కిందికి ఉండి, వెనక్కి ఆనుకున్నట్టు కూర్చుని నడిపేది) ఉన్నవాళ్లకు సరిగ్గా అప్పుడే ఇంకో ఆలోచన వస్తుంది. ఎలాగూ మారుస్తున్నాం కదా, వెనుక ఒక సైజు వెడల్పుది వేయిస్తే బాగుంటుంది కదా అని. వెనుక నుంచి చూస్తే క్రూజర్ అందం చాలావరకు ఆ టైరులోనే ఉంటుంది కాబట్టి ఆ కోరికను నేను తప్పు పట్టను. నాకూ కలిగింది, తీర్చుకున్నాను కూడా.

నాది బజాజ్ అవెంజర్ 220. దానికి కంపెనీ ఇచ్చే వెనుక టైరు 130/90-15. నేను 140/90-15 వేయించాను. షాపులో చక్రం బిగించాక మెకానిక్ దాన్ని చేత్తో గిర్రున తిప్పాడు. ఎక్కడా తగల్లేదు. "వేలు దూరేంత సందు ఉంది సార్, ఏమీ కాదు" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, సందు నిజంగానే ఉంది. రెండు వారాలు ఆఫీసుకు ఒక్కడినే తిరిగాను, ఏ ఇబ్బందీ లేదు. మూడో వారం నా భార్యతో కలిసి శ్రీశైలం బయలుదేరాను. వెనుక ఒక సంచి కూడా కట్టాను. దోమలపెంట దాటి ఘాట్ దిగుతుండగా, రోడ్డు కుంగిన ఒకచోట వెనుక నుంచి గర్రుమని శబ్దం వచ్చింది. మరో రెండు మలుపులు తిరిగేసరికి "ఏమండీ, రబ్బరు కాలుతున్న వాసన వస్తోంది" అంది తను.

బండి పక్కకు ఆపి వంగి చూశాను. టైరు చుట్టూ, నడిమికి కాస్త పక్కగా, పెన్సిల్ మందాన ఒక గీత, ఎవరో చాకుతో గీసినట్టు తెగకుండా ఉంది. మడ్‌గార్డు లోపలికి పొడుచుకువచ్చిన బోల్టు మర కొనకు నల్లటి రబ్బరు పీచు వేలాడుతోంది. తాకితే చేయి చురుక్కుమంది. ఆ గీత ఇంకొంచెం లోతుగా దిగి ఉంటే, ఆ దిగుడులో వెనుక చక్రం గాలి ఒక్కసారిగా పోయి ఉంటే ఏమయ్యేదో ఇక్కడ రాయాలని లేదు. ఆ రోజు నుంచి టైరు మార్చే ప్రతి స్నేహితుడికీ ఒకటే చెబుతున్నాను: స్టాండు మీద ఉన్న బండిలో కనిపించే సందును నమ్మకండి. ఇద్దరు ఎక్కి, గుంతలో పడి, షాక్ అబ్జార్బర్లు పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు మిగిలే సందే అసలు సందు.

నేను చేసిన మొదటి పొరపాటు లెక్కలోనే ఉంది. 130 నుంచి 140కి వెళ్తే పెరిగేది పది మి.మీ. వెడల్పేనని అనుకున్నాను. టైరు మీద ఉండే రెండో అంకె, అంటే ఆ 90, టైరు ఎత్తు వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. 130లో 90 శాతం 117 మి.మీ. 140లో 90 శాతం 126 మి.మీ. చివరి అంకె 15 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో; అంటే 381 మి.మీ. దానికి పైనా కిందా టైరు ఎత్తు కలిపితే మొత్తం చక్రం 615 నుంచి 633 మి.మీ.కు, అంటే 18 మి.మీ. పెరిగింది. పక్కలకు ఐదేసి మి.మీ. పెరిగితే మడ్‌గార్డు వైపు తొమ్మిది పెరిగింది. నా టైరు తగిలింది పక్కన కాదు, పైన. బండిని బట్టి ఈ లెక్క మారుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350కి వచ్చే 140/70-17 స్థానంలో 150/70-17 వేస్తే చక్రం 14 మి.మీ. పెద్దదవుతుంది. క్లాసిక్ 350 క్రూజర్ కాకపోయినా దాని మీద కూడా ఇదే ప్రయోగం చాలామంది చేస్తారు. దాని 120/80-18 స్థానంలో 130/80-18 వేస్తే 16 మి.మీ. పెరుగుతుంది. అదే 130/70-18 వేస్తే 10 మి.మీ. తగ్గుతుంది. షాపుకు వెళ్లేముందే కాగితం మీద ఈ లెక్క వేసుకోండి, రెండు నిమిషాల పని. వెడల్పు పెంచేటప్పుడు రెండో అంకె తగ్గితే మొత్తం ఎత్తు దాదాపు పాతదాని దగ్గరే ఉంటుంది.

ఎత్తు మారితే ఇంకా కొన్ని మారతాయి. స్పీడోమీటరు వెనుక చక్రం నుంచి లెక్క తీసుకునే బండి అయితే అది మూడు శాతం తక్కువ వేగం చూపిస్తుంది. ముందు, వెనుక చక్రాల వేగాలను పోల్చి చూసే ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో తేడా మరీ ఎక్కువైతే హెచ్చరిక దీపం వెలగవచ్చు. ఆ దీపం వెలిగాక దాన్ని పట్టించుకోకుండా వానలోకి వెళ్లడం ప్రమాదం. సైడ్ స్టాండు మీద బండి మునుపటికన్నా ఎక్కువ వాలుతుంది. మెయిన్ స్టాండు ఉన్న బండిలో వెనుక చక్రం నేల వదలకపోవచ్చు.

రిమ్ము సంగతి చాలామంది అడగరు కానీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది అదే. ప్రతి టైరుకూ సరిపోయే రిమ్ము వెడల్పు ఇంత నుంచి ఇంత వరకు అని తయారీదారు పట్టికలో ఉంటుంది. మీ రిమ్ము వెడల్పు అల్లాయ్ మీదే, ఊచకో వాల్వుకో దగ్గరగా, అంగుళాల్లో పోతపోసి ఉంటుంది. గుడ్డతో గ్రీజు తుడిచి చూడండి. సన్నటి రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోయి, టైరు గుడ్డు ఆకారంలోకి వస్తుంది. అప్పుడు నేలకు తగిలేది నడిమి పట్టీ మాత్రమే. మీరు డబ్బిచ్చి కొన్న వెడల్పు గాలిలో ఉంటుంది. పైగా టైరు నిక్కి ఇంకాస్త ఎత్తవుతుంది. మలుపులో బండి వాలేటప్పుడు ఒక్కసారిగా పక్కకు పడిపోతున్నట్టు అనిపిస్తుంది. పట్టికలో మీ రిమ్ము లేకపోతే ఆ టైరును అక్కడితో వదిలేయండి. "ఎక్కించేద్దాం సార్, గాలి కొడితే కూర్చుంటుంది" అనే మాటకు లొంగవద్దు.

వెడల్పు టైరంటే ఎక్కువ పట్టు అన్న నమ్మకం గురించి కూడా చెప్పాలి. నేలకు ఆనే రబ్బరు వైశాల్యం ముఖ్యంగా బండి బరువు మీద, గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుంది. టైరు వెడల్పయితే ఆ అచ్చు అడ్డంగా పెరిగి నిలువుగా తగ్గుతుంది, మొత్తం మీద పెద్ద తేడా ఉండదు. నిలిచిన నీటి మీద అయితే వెడల్పు నష్టమే చేస్తుంది. అదే బరువుతో ఎక్కువ వెడల్పు నీటిని తోసుకుంటూ పోవాలి కాబట్టి టైరు త్వరగా తేలుతుంది. మలుపుల్లోనూ అంతే. అదే మలుపు, అదే వేగం అయినా వెడల్పు టైరున్న బండి మరికాస్త ఎక్కువ వాలాల్సి వస్తుంది. క్రూజర్‌కు ఫుట్‌రెస్టులు అసలే కిందికి ఉంటాయి. అవి నేలను రాసే క్షణం ఇంకా ముందే వస్తుంది.

ఇక కొలత. నేను ఇప్పుడు చేసే పద్ధతికి చపాతీ పిండి చాలు. మడ్‌గార్డు లోపలి బోల్టుల మీద, స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే ఇనుప చేతులు) లోపలి అంచుల మీద, చైన్ కవర్ వెనుక నిమ్మకాయంత ముద్దలు అంటించండి. బండి మీద ఇద్దరు బరువైన మనుషులు కూర్చుని నాలుగైదుసార్లు గట్టిగా ఊగాలి. దిగాక ఏ ముద్ద ఎంత నలిగిందో, ఎంత మందం మిగిలిందో స్కేలుతో కొలవండి. పాత టైరుతోనే ఈ పరీక్ష చేసి, మిగిలిన మందంలోంచి పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ వైపు పెరిగేదాన్ని, అంటే మొత్తం పెరుగుదలలో సగాన్ని, తీసేస్తే కొత్త టైరుకు ఎంత మిగులుతుందో కొనకముందే తెలుస్తుంది. ఊగితే షాక్ అబ్జార్బర్లు చివరిదాకా దిగవు, పెద్ద గుంతలో దిగుతాయి. అందుకే మిగిలినదంతా చాలులే అనుకోకండి. మంచి మెకానిక్ దొరికితే బండిని గట్టి స్టాండు మీద నిలిపి, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు విప్పించి, మాన్యువల్లో వెనుక చక్రం కదలిక ఎంతని ఉందో అంతవరకు చక్రాన్ని పైకి ఎత్తి చూపించమనండి. అప్పుడు కూడా పక్కల, పైన 10 మి.మీ.కు తగ్గకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. వేగంలో టైరు కొంచెం ఉబ్బుతుంది, బురద అంటుకుంటుంది, ఒకే సైజు అచ్చువేసినా ఒక కంపెనీ టైరుకూ ఇంకో కంపెనీ టైరుకూ కొన్ని మి.మీ. తేడా ఉంటుంది.

చైను విషయంలో ఒక మెలిక ఉంది. చైను సాగేకొద్దీ చక్రాన్ని వెనక్కి జరుపుతూ పోతాం. పాత చైనుతో ఉన్నప్పుడు టైరుకూ ముందున్న స్వింగ్ ఆర్మ్ అడ్డపట్టీకీ మధ్య కనిపించే సందు, కొత్త చైను వేయగానే తగ్గిపోతుంది. అందుకే చైన్ స్ప్రాకెట్ కూడా మార్చే ఆలోచన ఉంటే ముందు అది మార్చి, తర్వాత కొలవండి. టైరు చైనుకు తగులుతోందని చక్రాన్ని వాషర్లతో ఒక పక్కకు జరిపితే మాత్రం ఒప్పుకోకండి. ముందు చక్రం ఒక గీతలో, వెనుక చక్రం ఇంకో గీతలో నడిచే బండి బ్రేకు వేసినప్పుడల్లా ఒకవైపుకు లాగుతుంది. స్వింగ్ ఆర్మ్ లోపలి అంచును గ్రైండర్‌తో రాసి సందు చేయడం అంతకన్నా పెద్ద తప్పు. మీ ఇద్దరి బరువునూ మోసేది ఆ ఇనుమే.

కొనేటప్పుడు సైజు పక్కనే ఉండే అంకె, అక్షరం చూడండి. అంకె టైరు మోయగల బరువు: 66 అంటే 300 కిలోలు, 70 అంటే 335 కిలోలు. అక్షరం వేగం: పి అయితే గంటకు 150 కిలోమీటర్లు, ఎస్ 180, హెచ్ 210. రెండూ పాత టైరు కన్నా తక్కువ ఉండకూడదు. తయారైన తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అరుదుగా అమ్ముడయ్యే సైజులు షాపులో ఏళ్లతరబడి పడి ఉంటాయి కాబట్టి వెడల్పు టైర్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఊచల చక్రమైతే కొత్త సైజుకు తగిన ట్యూబు కూడా కొత్తదే తీసుకోండి. పాత ట్యూబును పెద్ద టైరులో సాగదీస్తే అది పలచబడుతుంది.

బిగించే రోజు షాపు దగ్గరే ఉండండి. టైరు పక్కన ఉన్న బాణం చక్రం ముందుకు తిరిగే వైపే ఉండాలి. గాలి కొట్టాక రిమ్ము వెంబడి టైరు మీద కనిపించే సన్నటి గీత చుట్టూ ఒకే దూరంలో ఉండాలి. ఒకచోట లోపలికి పోయి ఉంటే టైరు సరిగా కూర్చోలేదు. బ్యాలెన్సింగ్ చేయించండి. గాలి మాన్యువల్లో చెప్పినంతే, ఒక్కరికి వేరు, ఇద్దరికి వేరు, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి పెట్టండి. మెత్తగా ఉంటుందని గాలి తగ్గించవద్దు. ఇంటికి వచ్చాక మడ్‌గార్డు లోపల సుద్దముక్క రుద్ది ఒక పది కిలోమీటర్లు ఇద్దరూ కలిసి తిరిగి రండి. టైరు మీద తెల్లటి గీత పడితే ఎక్కడ తగులుతోందో అదే చెబుతుంది.

కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. మొదటి 150, 200 కిలోమీటర్లు గట్టిగా బ్రేకు వేయకుండా, ఎక్కువ వాల్చకుండా, పొడి రోడ్డు మీద తిప్పాలి. అందుకే తొలకరి రోజున కాకుండా కనీసం పది రోజుల ముందు మార్పించుకోమంటాను. మొదటి వానకు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుడుగా ఉంటుంది. దానికి కొత్త టైరు నునుపు తోడవకూడదు.

ఇంకా పెద్ద టైరు కోసం స్వింగ్ ఆర్మ్ మార్చి, చాసిస్ కోసి చేయించే పనుల గురించి ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు, తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత అలాంటి ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడిగే ప్రశ్నలు వేరే. ఒక సైజు పెంచాలనుకున్నా సర్వీసు సెంటరులో, బీమా కంపెనీలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది.

నేను శ్రీశైలం నుంచి వచ్చిన మర్నాడే మళ్లీ 130/90-15 కొత్తది వేయించాను. మీరు వెడల్పు టైరే ఉంచుకుంటే, 500 కిలోమీటర్లు తిరిగాక యాక్సిల్ నట్టు, చైను వదులు మరోసారి చూపించండి. టార్చి పట్టుకుని టైరు రెండు పక్కలా, నడిమి భాగమంతా చుట్టూ చూడండి. తీసిన పాత టైరు మీది గాళ్లు ఇంకా అరిగిపోకుండా ఉంటే షాపులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. మొదటి పెద్ద వానలో బండి నచ్చకపోతే మర్నాడు పొద్దున్నే దానితో పని పడుతుంది.