వీపీఎన్‌కు డబ్బు కట్టే ముందు

పర్లాకిమిడి, బరంపురంలో చదువుకుంటున్న మన పిల్లలూ, వీపీఎన్ (మీ నెట్ వాడకాన్ని రహస్య సంకేతాలుగా మార్చి వేరే సర్వర్ గుండా పంపే సేవ) కొనే ముందు ఇవి చూసుకోండి.

- కంపెనీ లాగ్‌లు (మీ వాడకం రికార్డులు) తన దగ్గర ఉంచుకుంటుందా? అన్నిటికన్నా ముఖ్యం ఇదే. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు వారెంటుతో ముల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ ఆఫీసుకొచ్చి ఉత్త చేతులతో వెళ్లారు, అక్కడ కస్టమర్ల వివరాలే లేవు కాబట్టి.
- సర్వర్ డిస్కుకు ఎన్‌క్రిప్షన్ (తాళం లేనిదే చదవలేని రక్షణ) ఉందా, లేక కరెంటు తీస్తే అంతా చెరిగిపోయే ర్యామ్ మీదే నడుస్తుందా? 2021లో ఉక్రెయిన్‌లో జప్తయిన విండ్‌స్క్రైబ్ అనే వీపీఎన్ కంపెనీ సర్వర్లలో ఎన్‌క్రిప్షన్ లేదు, ప్రైవేట్ కీ (సర్వర్ రహస్య తాళం) కూడా అందులోనే ఉంది. ఇంత అజాగ్రత్త క్షమించరానిది.
- సర్వర్ ఏ దేశంలో ఉంది? 2022 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం మన దేశంలో వీపీఎన్ కంపెనీలు కస్టమర్ పేరు, చిరునామా, ఐపీ (నెట్‌లో మీ కనెక్షన్ నంబరు) 5 ఏళ్లు ఉంచాలి. రాష్ట్ర సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లినా ఇదే రూలు.
- కిల్ స్విచ్ (వీపీఎన్ తెగితే నెట్‌ను ఆపేసే సెట్టింగ్) ఆన్ చేయండి.
- జీమెయిల్‌లో లాగిన్ అయితే వీపీఎన్ ఉన్నా మీరెవరో గూగుల్‌కు తెలుస్తుంది.