బొంతలో నా ముక్క

మా వీధి ఆడవాళ్లం పాత నేత చీరలతో ఒకే బొంత కుడుతున్నాం. తలా 12 అంగుళాల చదరం ముక్క మీద ఎంబ్రాయిడరీ చేసి ఇవ్వాలి. నా వంతు వచ్చేసరికి ఒకటే టెన్షన్. పక్కింటి పిన్ని గొలుసుకుట్టు చూస్తే ఎవరికైనా అంతే!

మీకూ అలాగే ఉంటే ముందు అసలు ముక్క ముట్టుకోకండి. పాత గుడ్డ మీద 10 వరసలు కాడకుట్టు (పూల కాడలకు వేసే కుట్టు) వేయండి. 6 పోగుల దారంలో రెండే తీసుకోండి. మూరెడు పొడవు చాలు, ఎక్కువైతే చిక్కుపడుతుంది. గుడ్డ ముందే ఉతకాలి, లేకపోతే రంగు దిగి పక్కవాళ్ల ముక్క పాడవుతుంది (ఆ ఎర్ర ముక్క నాదే). అంచున అరంగుళం అతుకులోకి పోతుంది కాబట్టి కుట్టు అక్కడే మొదలుపెట్టండి. మొదటి వంకరలన్నీ అందులో దాక్కుంటాయి.

ఇచ్చేటప్పుడు మాత్రం 'బాగాలేదేమో' అనకండి. నేను అన్నాను. పిన్ని కళ్లజోడు తెచ్చుకుని మరీ వెతికింది.