పర్యావరణ విధానం, నిర్వహణలో పీజీ: దరఖాస్తుకు ముందు చేయవలసిన పని

పర్యావరణ విధానం, నిర్వహణలో పీజీ చేయదలచిన విద్యార్థులు ఎక్కువగా అడిగేది ఏ విశ్వవిద్యాలయం మంచిదని. దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: మీరు ఏ సమస్యను అర్థం చేసుకోవడానికి ఈ చదువు చదవబోతున్నారు? ఈ రంగంలో ఒకే పేరున్న రెండు కోర్సులు నిజానికి రెండు వేర్వేరు చదువులు కావచ్చు. ఒకచోట నీటి నమూనాల విశ్లేషణ, గాలి నాణ్యత లెక్కలు ప్రధానమైతే, మరోచోట చట్టం, ఆర్థికశాస్త్రం, పరిపాలన ప్రధానంగా ఉంటాయి. పేరు చూసి చేరినవారు రెండో సెమిస్టరుకల్లా తాము కోరుకున్న చదువు ఇది కాదని బాధపడటం నేను చూశాను. అందుకే ఈ విషయాన్ని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒక ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. 1908 నాటి మూసీ వరదల తరువాత హైదరాబాదుకు కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996లో ప్రభుత్వం 111వ నంబరు జీవో ఇచ్చి, వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను నిషేధించింది. ఆ పరిధిలో ఒక నూనె పరిశ్రమకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించగా, అప్పీలులో ఆ నిర్ణయం తారుమారై, వివాదం చివరికి సుప్రీంకోర్టుకు చేరింది. హాని జరుగుతుందో లేదో శాస్త్రం తేల్చి చెప్పలేని చోట ముందు జాగ్రత్తే పాటించాలని, హాని లేదని నిరూపించే బాధ్యత పరిశ్రమ పెట్టదలచినవారిదేనని 1999లో కోర్టు చెప్పింది. అంతటితో ఆగకుండా, ఇటువంటి అప్పీళ్లు విచారించే చోట శాస్త్ర నిపుణులు ఉండవలసిన అవసరాన్ని కూడా ఎత్తిచూపింది. ఇప్పుడు ఈ వివాదంలో మిమ్మల్ని ఆకర్షించినది ఏమిటో చూసుకోండి. వ్యర్థాలు భూగర్భంలో ఎంత దూరం ప్రయాణిస్తాయన్నది మీ ప్రశ్న అయితే పర్యావరణ శాస్త్రమో, ఇంజనీరింగో చదవాలి. నిరూపణ భారం ఎవరిదన్నది మీ ప్రశ్న అయితే పర్యావరణ చట్టం మీ దారి. నిషేధిత గ్రామాల రైతులు భూమి విలువ పెరగక నష్టపోతే ఆ భారాన్ని నగరం ఎలా పంచుకోవాలని మీరు అడుగుతుంటే, అది విధాన అధ్యయనం. మూడూ ఆసక్తికరమే అనిపించవచ్చు. అయినా రెండేళ్లలో లోతుగా నేర్చుకోగలిగేది ఒకదాన్నే.

దరఖాస్తుకు కనీసం ఆరు నెలల ముందు, మీ జిల్లాలోని ఒక ప్రాజెక్టు దస్త్రాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవండి. నా దృష్టిలో ప్రవేశ పరీక్షల శిక్షణ కంటే ఇదే ముఖ్యం. గని, సిమెంటు కర్మాగారం, ఔషధ పరిశ్రమ, ఏదైనా సరే. ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి కలిగే హానిని ముందే అంచనా వేయాలని చెప్పే 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులు కేంద్ర స్థాయిలో, మిగిలినవి రాష్ట్ర స్థాయిలో అనుమతి పొందాలి. ఆ దరఖాస్తులు, నివేదికలు, నిపుణుల కమిటీ సమావేశాల మినిట్స్ కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేశ్ పోర్టల్‌లో దొరుకుతాయి. దొరకని కాగితం కోసం సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వవలసి ఉంటుంది.

చదివేటప్పుడు పెన్సిలు పట్టుకుని ప్రశ్నలు రాసుకోండి. నివేదికకు ఆధారమైన కొలతలను చాలాసార్లు వానాకాలం కాని ఒక్క సీజన్‌లో, మూడు నెలలపాటు తీసుకుంటారు. వానలకు నిండి వేసవికి ఎండే మన చెరువు స్వభావం ఆ మూడు నెలల్లో ఎంతవరకు తెలుస్తుంది? నివేదిక రాసే కన్సల్టెంటుకు డబ్బు చెల్లించేది ప్రాజెక్టు యాజమాన్యమే అయినప్పుడు, ఏ అంశాలు వివరంగా వచ్చాయి, ఏవి ఒక్క వాక్యంలో ముగిశాయి? ప్రజాభిప్రాయ సేకరణలో గ్రామస్థులు లేవనెత్తిన అభ్యంతరాలకు తుది నివేదికలో ఇచ్చిన సమాధానం నిజంగా సమాధానమేనా? వీలైతే అటువంటి సభ ఒకదానికి స్వయంగా వెళ్లండి. ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వస్తుంది, నివేదిక సారాంశం తెలుగులోనూ అందుబాటులో ఉండాలి. వేదిక మీద అధికారులు మాట్లాడే భాషకూ, కింద కూర్చున్న రైతు మాట్లాడే భాషకూ మధ్య ఉన్న దూరాన్ని అక్కడే అర్థం చేసుకోగలం. ఈ చదువు అవసరం ఏమిటో నాకు అర్థమైనది కూడా అటువంటి సభలోనే.

ఇక ఎక్కడ చదవాలన్న విషయం. తెలుగు రాష్ట్రాల్లో ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలు పర్యావరణ శాస్త్రంలో ఎంఎస్సీ నడుపుతున్నాయి, వీటిలో ప్రవేశం రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్షల ద్వారా లభిస్తుంది. ఇవి ప్రధానంగా శాస్త్ర కోర్సులు. ఢిల్లీలోని జేఎన్‌యూ పర్యావరణ శాస్త్ర విభాగంలోనూ అంతే, అక్కడికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. నిర్వహణ వైపు వెళ్లేవారికి 1982లో భోపాల్‌లో స్థాపించిన భారతీయ అటవీ నిర్వహణ సంస్థ ఉంది. క్యాట్ వంటి పరీక్షల స్కోరుతో ప్రవేశం ఇచ్చే ఈ సంస్థ అడవిని, గ్రామీణ జీవనోపాధిని, వ్యాపార నిర్వహణను కలిపి బోధిస్తుంది. శాస్త్రాన్నీ విధానాన్నీ కలిపి చదవదలచినవారు ఢిల్లీలోని టెరి స్కూల్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌ను, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థను పరిశీలించాలి. ఏ సంస్థ విషయంలోనైనా వెబ్‌సైటులోని పరిచయ వాక్యాలతో సరిపెట్టుకోకుండా సిలబస్ తెప్పించుకుని, గణాంకశాస్త్రం, జీఐఎస్ (కంప్యూటరులో పటాల ద్వారా సమాచారాన్ని విశ్లేషించే పద్ధతి), ఆర్థికశాస్త్రం, క్షేత్ర పని ఎన్ని క్రెడిట్లకు ఉన్నాయో లెక్కించండి. ఈ నాలుగింటిలో కనీసం రెండు బలంగా లేని కోర్సును నేను సిఫారసు చేయను.

ఉద్యోగం గురించి ఒక హెచ్చరిక. కాలుష్య నియంత్రణ మండళ్లలోని పర్యావరణ ఇంజనీరు పోస్టులకు ఇంజనీరింగ్ పట్టా ఉండాలి, విధాన అధ్యయనంలో ఎంఏ వాటికి సరిపోదు. ప్రభావ మదింపు నివేదికలు తయారుచేసే గుర్తింపు పొందిన సంస్థల్లో కూడా నీరు, గాలి, జీవవైవిధ్యం వంటి ఒక్కో అంశానికి నిర్దిష్టమైన విద్యార్హతలు అడుగుతారు. విధానం చదివినవారికి అవకాశాలు పరిశోధన సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, ప్రభుత్వ సలహా బృందాల్లో ఉంటాయి. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు సుస్థిరత నివేదికలను స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసిన తరువాత కార్పొరేట్ రంగంలో కూడా ఇటువంటి పని పెరిగింది. మీరు కోరుకునే ఉద్యోగ ప్రకటనలు పది సేకరించి, వాటిలో అడిగిన అర్హతలను మీ సిలబస్‌తో పోల్చి చూడండి.

విదేశాలకు వెళ్లదలచినవారు మొదట తమ డిగ్రీ ఎన్నేళ్లదో చూసుకోవాలి. మూడేళ్ల బీఎస్సీని కొన్ని అమెరికా విశ్వవిద్యాలయాలు నేరుగా అంగీకరించవు. అక్కడ డ్యూక్, యేల్, మిషిగన్ విశ్వవిద్యాలయాల్లోనూ, శాంటా బార్బరాలోని బ్రెన్ స్కూల్‌లోనూ ఈ రంగంలో పేరున్న మాస్టర్స్ కోర్సులు ఉన్నాయి. బ్రిటన్‌లో కోర్సు ఒక్క ఏడాదిలో ముగుస్తుంది కనుక ఖర్చు తగ్గుతుంది, అయితే చదువు మధ్యలో ఇంటర్న్‌షిప్ చేసే వ్యవధి ఉండదు. అమెరికాలో చదువు తరువాత కొంతకాలం పనిచేయాలనుకుంటే, ఆ కోర్సు స్టెమ్ (శాస్త్ర, సాంకేతిక, ఇంజనీరింగ్, గణిత కోర్సుల) జాబితాలో ఉందో లేదో ప్రవేశం తీసుకోకముందే ఈమెయిల్ ద్వారా విశ్వవిద్యాలయాన్ని అడిగి తెలుసుకోండి. ప్రస్తుత నిబంధనల ప్రకారం స్టెమ్ కోర్సుకు మొదటి పన్నెండు నెలల పని అనుమతిపై మరో ఇరవై నాలుగు నెలల పొడిగింపు కోరవచ్చు, ఇతర కోర్సులకు ఆ అవకాశం లేదు. విధాన కోర్సుల్లో కొన్ని ఆ జాబితాలో ఉంటాయి, కొన్ని ఉండవు. లక్షల రూపాయల అప్పు తీసుకునే కుటుంబానికి ఈ తేడా చాలా పెద్దది.

ఉపకార వేతనాలు ఎక్కువగా పని అనుభవం అడుగుతాయి. బ్రిటన్ ప్రభుత్వపు చెవెనింగ్‌కు రెండేళ్లు, అమెరికాకు సంబంధించిన ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు మూడేళ్ల అనుభవం ఉండాలి. కాబట్టి డిగ్రీ ముగిసిన వెంటనే అప్పుచేసి వెళ్లడం కంటే, రెండు మూడేళ్లు ఇక్కడే ఈ రంగంలో పనిచేసి వెళ్లడం మేలని నా నమ్మకం. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ పేరిట, బీసీ విద్యార్థులకు జ్యోతిబా ఫూలే పేరిట విదేశీ విద్యానిధి పథకాలు ఉన్నాయి. వాటి ఆదాయ పరిమితిని, అర్హత గల దేశాల జాబితాను ఆ ఏడాది ప్రకటనలో సరిచూసుకోవాలి.

దరఖాస్తుతో పంపే ఉద్దేశ పత్రం (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) రాసే సమయానికి మీరు చదివిన దస్త్రం ఉపయోగపడుతుంది. చిన్ననాటి నుంచి ప్రకృతి అంటే ప్రేమ అని మొదలయ్యే పత్రాలు లెక్కలేనన్ని వస్తాయి. దానికి బదులు, ఉదాహరణకు, కొల్లేరులో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును చూపే గీత) వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించిన తరువాత కూడా చేపల చెరువులు కొనసాగడం, 2006లో వాటి గట్లను తొలగించడం, అక్కడి కుటుంబాల జీవనోపాధి ప్రశ్న నేటికీ తెగకపోవడం మీరు దగ్గరగా చూసి ఉంటే, అదే రాయండి. మీకు ఏ భాగం అర్థం కాలేదో, దాన్ని అర్థం చేసుకోవడానికి ఆ విభాగంలోని ఏ కోర్సు, ఏ ఆచార్యుల పరిశోధన సహాయపడుతుందో నేరుగా చెప్పండి. సిఫారసు లేఖల్లో ఒకటైనా మీతో క్షేత్రంలో పనిచేసినవారి నుంచి రావాలి. అమెరికా కోర్సులకు గడువు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ఉంటుంది కనుక, ఆ లేఖ రాయవలసినవారికి మీ ఉద్దేశ పత్రాన్నీ, దస్త్రంపై మీరు రాసుకున్న ప్రశ్నలనూ సెప్టెంబరులోనే అందించండి.