మతంపై బహిరంగ చర్చ: నాస్తికులు సభ పెట్టాలంటే ఎలా?

నాస్తిక సభలు చాలావరకు ఒకే తీరున సాగుతాయి. వేదిక నిండా వక్తలు. కింద కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ముందే అన్నీ ఒప్పుకున్నవాళ్లు. వాళ్లకు తెలిసిందే వాళ్లకు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడానికి హాలు అద్దె దండగ. గుడికో చర్చికో మసీదుకో వెళ్లే మనిషి కూడా వచ్చి, చివరిదాకా కూర్చుని, ఒక ప్రశ్న అడిగి వెళ్లే సభ కావాలనుకుంటే మాత్రం కాస్త ప్రణాళిక కావాలి. ఈ వ్యాసం అలాంటి సభ కోసమే.

ముందు చిన్నగా కూడండి

మొదటి అడుగే బహిరంగ సభ కాకూడదు. నెలకోసారి ఎవరింట్లోనో లైబ్రరీలోనో పదిమంది కూర్చుని మాట్లాడుకునే అలవాటు ఉంటే, సభ రోజున కుర్చీలు వేసేవాళ్లు, గేటు దగ్గర నిలబడేవాళ్లు అందులోంచే వస్తారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా (గోపరాజు రామచంద్రరావు), ఆయన భార్య సరస్వతి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టినప్పుడు ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. పౌర్ణమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్లనూ కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టారు. కరెంటు లేని ఊళ్లలో వెన్నెల కూడా కలిసొచ్చి ఉంటుంది. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది. 1972లో అక్కడే మొదటి ప్రపంచ నాస్తిక మహాసభ జరిగింది. భోజనాలు మొదలైన ముప్పై ఏళ్లకు మహాసభ అన్నమాట. మీకు అన్నేళ్లు అక్కర్లేదు గానీ, నాలుగైదు నెలల చిన్న సమావేశాలు లేకుండా పెద్ద హాలు బుక్ చేయకండి.

భోజనం సంగతి తేలిగ్గా తీసుకోకండి. మన ఊళ్లలో మతం గురించి వాదించుకోవడం కంటే పక్కపక్కన కూర్చుని తినడమే ఇప్పటికీ కష్టం.

చర్చాంశం రాసుకోండి

'దేవుడు ఉన్నాడా, లేడా?' అని ఫ్లెక్సీ వేస్తే జనం వస్తారు. చర్చ మాత్రం ఎక్కడికీ కదలదు. ఒకాయన ఉన్నాడంటాడు, ఇంకొకాయన లేడంటాడు, రెండు గంటలు గడిచిపోతాయి. తేల్చడానికి వీలున్న ప్రశ్న ఎంచుకోండి. 'మంచిగా బతకడానికి మతం అవసరమా?', 'ప్రభుత్వ బడిలో ప్రార్థన ఉండాలా?', 'పెళ్లికి ముహూర్తం చూడటం మానేస్తే నష్టమేంటి?' లాంటివి. ఇవి ఇంట్లో అందరూ ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడుకున్నవే. అందుకే కింద కూర్చున్నవాళ్లకు కూడా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ప్రశ్న ఒక నమ్మకం మీదో ఆచారం మీదో ఉండాలి, నమ్మేవాళ్ల మీద కాదు. 'మూఢభక్తులకు సవాల్' అని కరపత్రం వేసి, ఆ భక్తులు రాలేదేంటని తర్వాత బాధపడితే లాభం లేదు.

ఎదుటి పక్షం లేకపోతే చర్చ కాదు

ఎక్కువ శ్రమ పెట్టాల్సింది ఇక్కడే. ఇద్దరు హేతువాదులు ఒకరినొకరు సమర్థించుకుంటే అది ఉపన్యాస సభ. అలా పెట్టుకోవడంలో తప్పు లేదు, కానీ పోస్టర్ మీద 'చర్చ' అని మాత్రం వేయకండి. చర్చ కావాలంటే చదువుకున్న పండితుడినో, పాస్టర్‌నో, మౌల్వీనో, మత తత్వశాస్త్రం చెప్పే అధ్యాపకుడినో పిలవాలి. పిలిచే పద్ధతి కూడా ముఖ్యం. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి వదిలేయకండి. ఇంటికి వెళ్లండి. చర్చాంశం, సమయం, ఎవరెవరు మాట్లాడతారు, ప్రేక్షకులు ఎలాంటివాళ్లు అన్నీ ఉత్తరంలో రాసి ఇవ్వండి. దారిఖర్చులు ఇద్దరు వక్తలకూ ఒకేలా ఇవ్వండి. ఒకరికి శాలువా కప్పితే రెండో వారికీ కప్పాలి. నన్నడిగితే శాలువాలే వద్దంటాను.

ఎదుటివాణ్ణి గౌరవించి వాదించడానికి మనకు మంచి ఉదాహరణ ఉంది. 1944లో గోరా సేవాగ్రామ్ వెళ్లి గాంధీజీని కలిశారు. ఒకాయన ఊపిరి రామనామం, ఇంకొకాయన దేవుడే లేడనేవాడు. ఇద్దరూ తమ మాట మీదే నిలబడ్డారు, పలకరింపు మాత్రం తెగలేదు. గోరా పెద్దమ్మాయి మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి ఆశ్రమంలో పెళ్లి చేయాలనుకున్నప్పుడు, దేవుడి పేరు బదులు సత్యం పేరు మీద ప్రమాణం చేయించడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత, 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది. అన్నేళ్ల వాదనలో చివరికి మారింది ప్రమాణంలో ఒక్క మాట. నా లెక్కలో అది చిన్న ఫలితం కాదు.

మీ తరఫు వక్తను ఎంచుకునేటప్పుడు గొంతు పెద్దదా అని కాదు, కోపం తక్కువా అని చూడండి. ఎదుటి మతగ్రంథాన్ని నిజంగా చదివినవాళ్లు కావాలి. వేమన పద్యాలు నాలుగు వచ్చినంత మాత్రాన సరిపోదు. వేమన విగ్రహాలను వెక్కిరించాడు కానీ నాస్తికుడు కాదు. ఆ సంగతి తెలిసిన పండితుడు ఇంకో నాలుగు పద్యాలు చదివి మీ వక్తను కూర్చోబెట్టగలడు. వక్తల్లో ఒక స్త్రీ అయినా ఉండేలా చూసుకోండి. వ్రతాలూ మడీ అంటూ రోజూ ఆచారాలు మోసేది ఆడవాళ్లైతే, వాటి గురించి మైకు ముందు మాట్లాడేది మాత్రం ఎప్పుడూ మగవాళ్లే.

హాలు, పర్మిషన్, చట్టం

మొదటిసారైతే రోడ్డు మీదో మైదానంలోనో వద్దు, నాలుగు గోడల మధ్య పెట్టుకోండి. హైదరాబాద్‌లో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, విజయవాడలో నాస్తిక కేంద్రం లాంటివి ఇలాంటి సభలకు అలవాటుపడిన చోట్లు. చిన్న ఊళ్లలో కల్యాణమండపం దొరకవచ్చు. అయితే యజమానికి విషయం దాచకండి. సభకు ముందురోజు తెలిసి తాళం వేసుకుంటే మీకే టెన్షన్.

పోలీస్ స్టేషన్‌లో ముందుగానే దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. మన జిల్లాల్లో '30 యాక్ట్ అమల్లో ఉంది' (అంటే సభలూ ఊరేగింపులూ పోలీసుల అనుమతితోనే జరపాలనే పోలీసు చట్టం సెక్షన్ 30) అనే మాట తరచూ వినిపిస్తుంది కాబట్టి, హాల్లోనే కదా అని ఊరుకోకండి. దరఖాస్తులో రాజ్యాంగం 51ఎ(హెచ్) ప్రస్తావించండి. శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంచుకోవడం ప్రతి పౌరుడి విధి అని 1976లో 42వ సవరణ ద్వారా చేర్చిన మాట అది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. అసలు అంతసేపు సభ నడిపితే కుర్చీలు తప్ప ఎవరూ మిగలరు.

వక్తలకు తప్పకుండా చెప్పాల్సింది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 299 గురించి. పాత శిక్షాస్మృతిలో 295ఎ అనేవాళ్లు. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో ఒక వర్గం మతాన్ని అవమానిస్తే మూడేళ్ల వరకు జైలు. మతాన్ని విమర్శించడమే నేరం అని దీనర్థం కాదు. తెలిసి, పగతో చేసిన అవమానానికే ఈ సెక్షన్ అని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. కానీ కోర్టు ఆ మాట చెప్పే లోపు అరెస్టు, బెయిలు, వాయిదాలు ఉంటాయి. 2022 చివర్లో తెలంగాణలో ఒక నాస్తిక వక్త అయ్యప్ప మీద సభలో అన్న మాటల వీడియో పాకి, నిరసనలు రేగి, ఆయన్ను అరెస్టు చేశారు. ఒక జోకు కోసం అంత ఖర్చు ఎందుకు? దేవతల పుట్టుక మీద వెటకారాలు వద్దని వక్తలకు ముందే గట్టిగా చెప్పండి. అలాంటి జోకులు నవ్వించేది మనవాళ్లనే, అదీ ఒక్క నిమిషం.

సభ నడిపే తీరు

జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం ఎలాగూ ఉండవు. దాంతోపాటు 'వేదిక మీదకు సాదరంగా ఆహ్వానిస్తున్నాను' తతంగాన్ని కూడా తీసేయండి. ముగ్గురు చాలు: ఇద్దరు వక్తలు, ఒక అధ్యక్షుడు. అధ్యక్షుడు ఏ పక్షమూ కానివాడైతే మేలు. రిటైరైన జడ్జో, హెడ్‌మాస్టరో, లాయరో. మైకు కట్ చేసే అధికారం ఆయన ఒక్కడికే ఉండాలి.

ఒక్కో వక్తకు పదిహేను నిమిషాలు, జవాబుకు ఏడు, ఆ తర్వాత పూర్తిగా ఒక గంట ప్రేక్షకుల ప్రశ్నలకు. ఈ గంటే సభకు ప్రాణం, దీన్ని ఎవరి ఉపన్యాసానికీ కోసి ఇవ్వకండి. ప్రశ్నలు స్లిప్పుల మీద రాయించుకోండి. నోటితో అడిగితే ప్రశ్న పేరుతో పది నిమిషాల ప్రసంగం వస్తుంది. పైగా ఊళ్లో అందరికీ తెలిసిన కోడలు లేచి నిలబడి అడగలేనిది స్లిప్పు మీద అడగగలదు.

ఒక ప్రశ్న ఎలాగూ వస్తుంది. 'మా మతాన్నే అంటారు, ఆ మతాన్ని అనే దమ్ముందా?' దీనికి మీ వక్త దగ్గర జవాబు ఉంటే చాలదు, ప్రశ్న రాకముందే అది ఉపన్యాసంలో కనిపించాలి. బాబాల విభూతి గురించి మాట్లాడిన నోటితోనే స్వస్థత కూటాల గురించి, దర్గా తాయెత్తుల గురించి మాట్లాడాలి. ఒక్క మతం ఉదాహరణలే తెచ్చే వక్తకు ఆ అనుమానం తగిలితే తప్పు ప్రేక్షకులది కాదు. మైనారిటీల మీద పగతో ఈ వేదికను వాడుకోవాలని చూసేవాళ్లూ వస్తారు, వాళ్ల విషయంలో అధ్యక్షుడు ఇంకా గట్టిగా ఉండాలి.

చేసి చూపించేవి

పిల్లలు వస్తున్నారంటే అరగంట ప్రదర్శన కలపండి. పసుపు, సున్నం కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్లు అవుతాయని అందరికీ తెలుసు. మందార పూలు రుద్ది ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోస్తే 'రక్తం' వస్తుందని మాత్రం చాలామందికి తెలియదు. పువ్వులోని రంగు పులుపు తగిలి ఎర్రబడుతుంది. ఇంతకంటే చవకైన ప్రదర్శన లేదు.

నిప్పుల మీద నడవడం మాత్రం అనుభవం ఉన్నవాళ్లు లేకుండా చేయకండి. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు దాన్ని చేసి చూపించినవాళ్లే. బూడిద పట్టిన కట్టె బొగ్గు వేడిని మెల్లగా వదులుతుంది, పాదం ఒక్కోచోట క్షణం కూడా ఆనదు, అందుకే కాలదు. జాతరలో అగ్నిగుండం తొక్కినా, పీర్ల పండుగలో గుండం తొక్కినా కారణం ఇదే. కానీ మధ్యలో ఆగినా, బొగ్గుల్లో ఇనుప ముక్క ఉన్నా కాలు కాలుతుంది.

కెమెరా

సభ మొత్తం మొదటి నిమిషం నుంచి చివరిదాకా మీరే రికార్డు చేసి, కోతల్లేకుండా యూట్యూబ్‌లో పెట్టండి. ఎవరో ఇరవై సెకన్ల ముక్క కత్తిరించి పంచితే చూపించడానికి అసలుది ఉండాలి.

కెమెరా వేదిక వైపే ఉండాలి, ప్రేక్షకుల మీదకు తిప్పకూడదు. వచ్చినవాళ్లలో చాలామంది ఇంట్లో చెప్పకుండా వస్తారు. పెళ్లి సంబంధాలు చూస్తున్న అమ్మాయి, అత్తగారింట్లో ఉంటున్న అల్లుడు, రేపు బడిలో పాఠం చెప్పాల్సిన మాస్టారు ఉంటారు. గ్రూప్ ఫొటోకు రమ్మని బలవంతం చేయకండి. సంతకాల రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబర్ రాయడం కూడా వాళ్ల ఇష్టానికే వదిలేయండి.

మర్నాడు చేయాల్సినవి

ఎదుటి పక్షం వక్తకు ఫోన్ చేసి ఎలా అనిపించిందో అడగండి, మళ్లీ వస్తారో లేదో ఆ ఒక్క ఫోన్‌లోనే తేలిపోతుంది. విరాళాలు, ఖర్చులు సభ్యులందరికీ లెక్క చూపండి. టైం చాలక మిగిలిపోయిన స్లిప్పులను పారేయకుండా, వచ్చే నెల చిన్న సమావేశానికి తీసుకెళ్లి ఒక్కొక్కటే చదవండి.