బుల్లెట్ పక్కన వేలాడే తోలు బ్యాగు: కన్నం దగ్గర మొదలుపెట్టండి

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి బాగుచేయమని వచ్చే సైడ్ బ్యాగుల్ని బల్ల మీద వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. తోలు నడిమధ్యలో చినిగినవి అరుదు. చినిగితే కన్నం దగ్గరే చినుగుతుంది. బకిల్ ముల్లు దూరే కన్నం, రివిట్ దిగిన కన్నం, సూది పోయిన కన్నం. అందుకని నేర్పమని వచ్చే కుర్రాళ్లకి నేను డిజైన్లు చూపించను. పనికిరాని ముక్క ఒకటి చేతికిచ్చి ముందు కన్నాలు పెట్టమంటాను. మా మావయ్య నాకు అలాగే నేర్పాడు. వన్‌టౌన్‌లో చెప్పులు కుట్టేవాడు ఆయన. ఆయన ఆరె (కన్నాలు పొడిచే పనిముట్టు), రంపె (తోలు కోసే కత్తి) ఇప్పుడు నా దగ్గరున్నాయి, రోజూ వాడతాను. తోలు పనంటే మనవాళ్లలో కొందరికి ఇంకా చిన్నచూపే. ఒక జత చెప్పుల్లో ఎంత లెక్క ఉందో తెలిసినవాళ్లు ఆ మాట అనరు.

ఇక్కడ చెప్పేది బుల్లెట్, క్లాసిక్ 350 లాంటి బండికి ఎడమ పక్కన వేసుకునే ఒక బ్యాగు గురించి. జాకెట్లు, గ్లవ్స్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. కిందపడినప్పుడు ఒంటిని కాపాడాల్సిన వస్తువులవి. భుజం దగ్గరో మోచెయ్యి దగ్గరో కుట్టు విడిపోతే తోలు ఎంత మందంగా ఉన్నా లాభం లేదు. బ్యాగులమీద చెయ్యి కుదిరాక అటు వెళ్లండి.

ముందు ఒక అట్టపెట్టె సంపాదించండి. 30 సెంటీమీటర్ల వెడల్పు, 25 ఎత్తు, 10 లోతు వచ్చేలా అట్ట కోసి, టేపు అంటించి, ఉత్తుత్తి బ్యాగు ఒకటి చేయండి. దాన్ని తాడుతో సీటు కింద కట్టి, ఇద్దర్ని బండెక్కించి వెనక గట్టిగా ఊగమనండి. షాక్‌లు పూర్తిగా అణిగినప్పుడు అట్ట ఎక్కడ తగులుతోందో వంగి చూడాలి. వెనక కూర్చున్నవాళ్ల మడమ దానికి కొట్టుకుంటోందా? ఇండికేటర్ వెనకనుంచి కనబడుతోందా? చైనుకీ, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కీ నాలుగు వేళ్ల ఎడమైనా ఉందా? అన్నీ సరిపోయేదాకా అట్టనే కోస్తూ ఉండండి, తోలు ముట్టుకోవద్దు.

మన బండ్లలో చాలావాటికి ఎడమ వైపు చైను, సారీ గార్డు, కుడి వైపు సైలెన్సర్ ఉంటాయి. మొదటి బ్యాగు ఎడమకే ఎందుకంటే, సారీ గార్డు దాన్ని చక్రంలోకి పోనివ్వదు. లుక్కు బాగుండదని గార్డు పీకేసి తిరిగే బండ్లు రోజూ చూస్తుంటాను. చీరకొంగైనా బ్యాగు పట్టీ అయినా స్పోకుల్లో చిక్కుకుంటే చక్రం బిగుసుకుపోతుంది. గార్డు లేకపోతే ముందు అది పెట్టించుకోండి. లేదా వెల్డింగ్ షాపులో రాడ్డు వంచి, బ్యాగుని చక్రంలోకి పోనివ్వని స్టే చేయించండి. కుడి వైపు కూడా కావాలంటే సైలెన్సర్‌కి కనీసం మూడంగుళాల ఎడం ఉంచి, మధ్యలో అల్యూమినియం రేకు వేయాలి. వానలో తడిసిన తోలుకి సైలెన్సర్ వేడి తగిలితే ముడుచుకుపోయి చెక్కలా బిగుస్తుంది, మళ్లీ మామూలు కాదు.

ఇక తోలు. షాపుల్లో ముఖ్యంగా దొరికేవి రెండు, క్రోమ్, వెజ్‌టాన్. క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదునుచేసింది, మెత్తన, జాకెట్లకి బాగుంటుంది, బ్యాగు చేస్తే మాత్రం నిలబడక జారిపోతుంది. మనకి కావాల్సింది వెజ్‌టాన్, అంటే చెట్ల బెరడుతో ఊనిన (పదునుచేసిన) తోలు. వెనకటి లందల్లో (తోలు నానబెట్టే తొట్లలో) తంగేడు చెక్క వేసి ఊనేవారు, చివర్లో కరక్కాయతో రంగు తేల్చేవారు. తమిళనాడులో దిండిగల్, ఈరోడ్, తిరుచ్చి వైపు ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. ఈస్ట్ ఇండియా లెదర్ అనే పేరు మీద దానికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగుతాం, తోలు షాపులుండే పెరియమెట్ స్టేషన్‌కి దగ్గరే. తోలు చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. ముందు, వెనక పలకలకి 3 నుంచి 3.5 మిల్లీమీటర్ల మందం, ఆ రెండు పలకల్నీ కలుపుతూ పక్కలా అడుగునా వచ్చే పక్కపట్టీకి 2 నుంచి 2.5 అడగండి. పట్టీలు, తరుగు కలుపుకుంటే ఒక బ్యాగుకి ఐదారు అడుగులు పడుతుంది.

అమ్మేవాడు వెజ్‌టాన్ అన్నంతమాత్రాన నమ్మనక్కర్లేదు. చిన్న ముక్క అడిగి తెచ్చుకుని తడిపి, దానిమీద పాలిష్ లేని ఇనుప మేకు ఒకటి రాత్రంతా ఉంచండి. నిజమైన వెజ్‌టాన్ అయితే తెల్లారేసరికి మేకు పడుకున్నంత మేరా నల్లటి చార ఉంటుంది. క్రోమ్ తోలు అలా నల్లబడదు.

మన కృష్ణా జిల్లావాళ్లకి ఇది తెలిసిన రసాయనమే. పెడనలో కలంకారీ చేసేవాళ్లు ముందు గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుముని బెల్లం నీళ్లలో ఊరబెట్టిన నల్లనీళ్లని అచ్చుతో దానిమీద వేస్తారు. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి నలుపు పుడుతుంది. చెట్టు బెరడుతో ఊనిన తోలులో ఆ వగరు నిండా ఉంటుంది. అందుకే ఈ బ్యాగుకి ఇనుప రివిట్లు, ఇనుప బకిల్స్ పెట్టకూడదు. ఒక వర్షాకాలం గడిస్తే కన్నం చుట్టూ నలుపు పాకుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పు తగిలినచోట తోలు పెళుసెక్కి చివరికి చిట్లుతుంది. ఇత్తడి బకిల్స్, రాగి రివిట్లు ఖర్చే, కానీ తగ్గించుకోవాల్సిన ఖర్చు ఇది కాదు. స్టే రాడ్డుకి కూడా పెయింటు వేయించి, తోలు ఆనేచోట పాత సైకిలు ట్యూబు తొడగండి.

నల్ల బ్యాగు కావాలనుకుంటే ఇదే గుణాన్ని మనకి పనికొచ్చేలా వాడుకోవచ్చు. సబ్బుతో జిడ్డు కడిగిన స్టీల్ వూల్‌ని గాజు సీసాలో తెల్ల వెనిగర్ పోసి వారం నాననివ్వండి. గ్యాస్ వస్తుంది కాబట్టి మూత బిగించొద్దు. గుడ్డలో వడగట్టి తోలుకి పూస్తే చూస్తుండగానే నల్లబడుతుంది. తర్వాత నీళ్లతో తుడిచి, లీటరు నీళ్లకి ఒక చెంచా వంటసోడా కలిపి ఇంకోసారి తుడవాలి, లేకపోతే పులుపు తోలుని తినేస్తుంది. ఈ నలుపు పూతలా పైన కూర్చోదు, తోలులోనే పుడుతుంది. అందుకని ప్యాంటుకి అంటదు. కన్నాలు పెట్టకముందే ఈ పని ముగించి, నీడలో ఆరనివ్వండి.

కోత గురించి ఒక్కటే గుర్తుపెట్టుకోండి. వీపు భాగం గట్టిగా ఉంటుంది, పొట్ట భాగం సాగుతుంది. పట్టీలు ఎప్పుడూ వెన్నుపూస వెంబడి, వీపు భాగం నుంచే కోయాలి. పలకలు ఆ తర్వాత. పొట్ట ముక్కలు లోపలి జేబులకి సరిపోతాయి. వెనక పలకా మూతా ఒకే ముక్కగా, 53 సెంటీమీటర్ల పొడవున వస్తాయి. పక్కపట్టీ వెడల్పు 12, అంచులు రెండు వైపులా ఒక్కో సెంటీమీటరు మడతకి పోగా లోతు 10 మిగులుతుంది. దాని పొడవు రెండు పక్కలా 25, అడుగున 30 కలిపి లెక్కకి 80, కోసేటప్పుడు నాలుగు ఎక్కువ ఉంచండి.

పట్టీల కన్నాలకి గుండ్రటి పంచ్ వాడాలి. కత్తి మొనతో గాటు పెడితే ఆ గాటు మూలనుంచే చీలిక బయల్దేరుతుంది. బకిల్ ముల్లు ఆడే పొడుగు కన్నం కూడా అంతే. ముందు రెండు చివర్లా రెండు గుండ్రటి కన్నాలు కొట్టి, తర్వాత మధ్య తోలు కోయాలి. బరువు మోసే రివిట్ అంచుకి కనీసం 12 మిల్లీమీటర్ల లోపల ఉండాలి, వెనక తోలు ముక్క ఒకటి ఆసరాగా వేయాలి.

కుట్టు చేత్తోనే వేయండి. సీటు కవర్లు కుట్టే మిషను కుట్టులో పైదారం, కిందదారం తోలు మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి తెగితే వరస జారుతుంది. చేతికుట్టులో ఒకే దారానికి రెండు చివర్లా రెండు మొద్దుసూదులు, ప్రతి కన్నంలోంచీ రెండూ పోతాయి. రాయి గీసుకుని ఒకచోట తెగినా పక్క కుట్టు కదలదు.

అంచుకి 4 మిల్లీమీటర్ల లోపల గీత గీసి, గీత మీద 4 మిల్లీమీటర్లకొక గుర్తు పెట్టండి. ఆరె మొన పలకలుగా ఉండాలి, గీతకి కాస్త ఏటవాలుగా దిగాలి. ఏటవాలు కన్నాల మధ్య తోలు ఎక్కువ మిగులుతుంది, కుట్టూ ముత్యాల వరసలా వస్తుంది. ఆరెని ముందు తేనెమైనంలో గుచ్చి తీస్తే తేలిగ్గా దిగుతుంది. కుట్టు బ్యాగు అడుగున మధ్యలోంచి మొదలై రెండు వైపులా పైకి వెళ్లాలి. పక్కపట్టీ ఎటైనా జరిగితే ఆ తేడా పై అంచుకి చేరుతుంది, అక్కడ కోసేయొచ్చు. దారం పొడవు కుట్టు పొడవుకి నాలుగు రెట్లు. అంటే సగం వైపు 40 సెంటీమీటర్లకి 1.6 మీటర్లు. మైనం పట్టించిన 1 మిల్లీమీటరు పాలిస్టర్ దారం చాలు.

ఎడమ సూది ముందు దూరితే చివరిదాకా ఎడమదే ముందు దూరాలి. రెండో సూది దూర్చేటప్పుడు మొదటి దారాన్ని వెనక్కి లాగి పట్టుకోండి, సూది దాన్ని పొడిస్తే కుట్టు బిగియదు. ప్రతి కుట్టూ ఒకే బలంతో లాగాలి. మరీ లాగితే దారమే తోలుని కోస్తుంది. లాగేటప్పుడు దారం వేలిని కోస్తుంది, చూపుడు వేలికి గుడ్డ చుట్టుకోండి. చివర్లో మూడు కన్నాలు వెనక్కి కుట్టి, దారం కోసి, లైటర్‌తో కొస కరిగించి నొక్కండి.

అంచుల్ని సన్న గరుకు కాగితంతో రుద్ది, తడిచేసి, నున్నటి చెక్కతో వేడెక్కేదాకా రుద్దితే గాజులా మెరుస్తాయి. పైన తేనెమైనం. తర్వాత నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె) గుడ్డతో ఒకే ఒక్క పల్చటి చెయ్యి. నూనె ఎక్కువైతే బ్యాగు నిలబడదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, తడిసిన బ్యాగుని ఆ ఎండలో ఆరేస్తే తోలు కూడా పగులుతుంది. ఫ్యాను కింద నీడలో ఆరాలి. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచొద్దు, బూజు పడుతుంది. పాత పంచె చాలు.

బిగించాక మొదట మంగళగిరి దాకా వెళ్లి వచ్చి, పట్టీలు ఎంత వదులయ్యాయో చూడండి. కొత్త తోలు మొదటి నెలంతా సాగుతుంది. బకిల్ ఆఖరి కన్నానికి వచ్చేస్తే ఇంకొకటి కొట్టుకోవాలి, దానికి చోటు ఉండేలా పట్టీని మొదట్లోనే ఒక జానెడు పొడుగ్గా వదలండి.