బెర్లిన్ పక్కనే ఉన్న మన సైనికుల సమాధులు: వెళ్లేవాళ్లకు కొన్ని సూచనలు

బెర్లిన్‌కి చుట్టాలు వస్తే బ్రాండెన్‌బర్గ్ గేట్ చూపించి పంపేస్తాం. వాళ్లకి ఇంకో పూట తీరిక ఉంటే త్సేరెన్స్‌డోర్ఫ్ భారతీయ సైనిక శ్మశానానికి తీసుకెళ్లమని నేను అందరికీ చెబుతుంటాను. నగరానికి దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, అడవి మధ్యలో ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు ఖైదీలుగా చిక్కి ఇక్కడే కన్నుమూసిన 206 మంది సమాధులు అక్కడున్నాయి. వాళ్లలో చాలామందిని క్షయ లాంటి ఊపిరితిత్తుల జబ్బులే బలిగొన్నాయి.

బయల్దేరే ముందు ఒక పని తప్పకుండా చేయండి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వెబ్‌సైట్‌లో ఈ శ్మశానం పేరు వెతికి, అక్కడి పేర్ల జాబితా ప్రింట్ తీసుకోండి. ఒక్కో పేరు పక్కన రెజిమెంట్, చనిపోయిన తేదీ ఉంటాయి. అవి ముందే చదువుకుని వెళ్తే ఆ రాళ్లు మీకు మనుషుల్లా కనబడతాయి.

వ్యూన్స్‌డోర్ఫ్-వాల్డ్‌ష్టాట్ స్టేషన్‌కి రీజనల్ రైలు ఉంది, డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్, రీజనల్ రైళ్లలో చెల్లే నెలవారీ పాస్) చెల్లుతుంది. స్టేషన్ నుంచి శ్మశానానికి నడిస్తే గంట పైనే పడుతుంది కాబట్టి సైకిల్ తీసుకెళ్లడం మేలు. దానికి వేరే టికెట్ కొనాలి. నీళ్లు, తినడానికి ఏదైనా దగ్గర పెట్టుకోండి, అడవిలో కొట్లు ఉండవు.

నేరుగా శ్మశానానికి వెళ్లకుండా ముందు వ్యూన్స్‌డోర్ఫ్ ఊళ్లోని మోషే ష్ట్రాస్సె, అంటే మసీదు వీధి, చూడండి. 'అర్ధచంద్ర శిబిరం' అనే ఖైదీల క్యాంపు ఈ ఊళ్లోనే ఉండేది. జర్మన్లు 1915లో అందులో కొయ్యతో మసీదు కట్టారు. బ్రిటిష్ సైన్యంలోని ముస్లిం సైనికులను తమవైపు తిప్పుకోవాలన్నది వాళ్ల ఎత్తుగడ. ఆ మసీదు ఇప్పుడు లేదు, వీధికి పేరు మాత్రం మిగిలింది. శిబిరంలో హిందువులు, సిక్కులు కూడా ఉండేవారు. వీళ్లను బ్రిటిష్‌వారికి ఎదురు తిప్పాలని ప్రయత్నించిన బెర్లిన్ కమిటీకి, అంటే జర్మనీలోని భారతీయ విప్లవకారుల సంఘానికి, ముందుండి నడిచినవాడు వీరేంద్రనాథ్ ఛటోపాధ్యాయ. హైదరాబాద్‌లో పుట్టినవాడు, సరోజినీ నాయుడికి తమ్ముడు. మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ, అందుకే నాతో వచ్చినవాళ్లకి ఇక్కడ ఆగి చెబుతాను.

తర్వాత అడవి దారి పట్టండి. ఇదంతా ఒకప్పుడు సైనిక శిక్షణ ప్రాంతం. 1994లో రష్యా (అంతకుముందు సోవియట్) సేనలు ఖాళీ చేసేదాకా మామూలు జనానికి ప్రవేశం లేదు. పాత మందుగుండు ఉండే ప్రమాదం ఉంది కాబట్టి, ముఖ్యంగా పిల్లలతో వెళ్తే, దారి వదిలి చెట్లలోకి పోవద్దు. పాడైపోయిన శ్మశానాన్ని 2000 తర్వాత మళ్లీ బాగుచేశారు.

లోపల తొందరపడకండి. జాబితా చేత్తో పట్టుకుని వరుస వెంట నడుస్తూ పేర్లు పైకి చదవండి. కజాన్ తాతార్ ఖైదీల స్మారక రాయి కూడా ఇక్కడే ఉంది, దాన్నీ చూడండి. రష్యా సైన్యం నుంచి పట్టుబడిన ముస్లింలు వాళ్లు. రాళ్ల మీద కుంకుమ, నూనె పెట్టొద్దు, మరకలు పోవు. పూలు చాలు.

ఇంకా తెలుసుకోవాలనిపిస్తే, శిబిరంలో జర్మన్ పండితులు రికార్డు చేసిన ఖైదీల గొంతులు హుంబోల్ట్ విశ్వవిద్యాలయం ధ్వని భాండాగారంలో ఉన్నాయి. 1916 డిసెంబర్ 11న మాల్ సింగ్ అనే పంజాబీ సైనికుడు, హిందుస్తాన్‌లో వెన్న తినే ఒక మనిషి యుద్ధానికొచ్చి ఖైదీ అయ్యాడని తన కథే వేరేవాళ్ల కథలా చెప్పుకున్నాడు. ఆ రికార్డులు వినాలంటే ముందుగా ఆ భాండాగారం వాళ్లకి రాసి అడగండి.