మురుకు సాంద్రత తప్పొస్తోందా? ఆవాలు పోసే చెయ్యి చూడండి

జట్లుగా మురుకులు, కాజాల వంటి తినుబండారాల సాంద్రత (బరువును ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది) కొలుస్తుంటే జవాబు తప్పొస్తోందా? ముందు ఫ్యాన్ ఆపండి. కాటా మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేయండి. ఈ రెండూ వదిలేసి సూత్రంలో తప్పు వెతికేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత కొలజాడీతో 50 మి.లీ. నీళ్లు కొలిచి గిన్నెలో పోసి తూచండి. 50 గ్రాములకు ఒక గ్రాము అటూ ఇటూగా రావాలి. రాలేదంటే కాటా అయినా తప్పు, మట్టం చదివిన కన్నయినా తప్పు.

నీళ్లలో ముంచితే ఒక్కో జట్టుకు ఒక్కో జవాబు

ముంచాక మట్టం ఎంత పెరిగిందో అదే ఘనపరిమాణం. కానీ బొరుగులు తేలతాయి, మురుకులు నీళ్లు పీలుస్తాయి, నెల్లూరు మలై కాజా పాకం కరిగిపోతుంది. వీటికి నీళ్లు పనికిరావు. తీపి వాటికి వేరుశనగ నూనె వాడండి, చక్కెర అందులో కరగదు. ముందుగా పటికబెల్లం ముక్కలతో సరిచూసుకోండి: ఘ.సెం.మీ.కు (అంటే మి.లీ.కు) 1.6 గ్రాముల దగ్గర వస్తే పద్ధతి కుదిరినట్టే. కాజాను మాత్రం ముంచగానే మట్టం చదివేయాలి, నానబెట్టకూడదు.

ఆవాలతో కొలిస్తే మురుకు మరీ బరువైనదిగా తేలుతోంది

మురుకులకు ఆవాలే సరైనవి: డబ్బాను ఒకసారి ఒట్టి ఆవాలతో, మరోసారి మురుకు పెట్టి ఆవాలతో నింపండి; రెండోసారి తగ్గిన ఆవాల చోటే మురుకు ఘనపరిమాణం. బేకరీ ల్యాబుల్లో బ్రెడ్ ఘనపరిమాణం కొలిచేదీ ఆవ జాతి గింజలతోనే. కానీ అందరినీ ముంచేది ఇక్కడే: మొదటిసారి డబ్బాలో ఆవాలు వదులుగా పోస్తారు, రెండోసారి మురుకు కనబడకుండా కప్పాలని డబ్బాను తడతారు. తట్టగానే గింజలు సర్దుకుని దిగుతాయి.

ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. 250 మి.లీ. డబ్బాలో నిండా 175 గ్రా. ఆవాలు పట్టాయనుకుందాం, అంటే మి.లీ.కు 0.7 గ్రా. 18 గ్రా. మురుకు పెట్టాక 154 గ్రా. పట్టాయి. తగ్గినవి 21 గ్రా., మురుకు ఘనపరిమాణం 30 మి.లీ., సాంద్రత 0.6. అదే రెండోసారి ఆవాలు 4 శాతం ఒత్తుకుని కూర్చుంటే 160 గ్రా. పడతాయి. అప్పుడు ఘనపరిమాణం 21 మి.లీ.కు పడిపోయి సాంద్రత 0.84 అవుతుంది. నాలుగు శాతం నిర్లక్ష్యానికి నలభై శాతం తప్పు!

అందుకని రెండుసార్లూ ఒకే గరాటు, అంచుకు 5 సెం.మీ. ఎత్తు నుంచే పోత. పొర్లేదాకా పోసి, స్కేలుతో ఒక్క గీతలో చదును చేయండి. తట్టడం, కదపడం అసలు వద్దు. అడుగున కొన్ని ఆవాలు పోశాకే మురుకు పెట్టండి, చుట్లలోకీ గింజలు దిగేలా పోయండి. మిగిలిన ఆవాలను కొలజాడీలో కొలవకండి, అక్కడ మళ్లీ సర్దుకుంటాయి. డబ్బాలో పట్టినవాటినే తూచండి. ఇదంతా కుదిరిందో లేదో తేల్చేవి గోలీలు. గుప్పెడు గోలీల ఘనపరిమాణం నీళ్లలోనూ ఆవాలలోనూ కొలవండి. 2 మి.లీ. మించి తేడా ఉంటే మురుకు జోలికి పోకండి.

మిగతావి

ఒంగోలు మైసూర్‌పాక్‌ను కోసి స్కేలుతో కొలిచేస్తే చాలనుకోవద్దు: 2 సెం.మీ. ముక్కలో పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కోటీ 1 మి.మీ. తప్పితే ఘనపరిమాణం 15 శాతం తప్పుతుంది. పెద్ద ముక్క తీసుకోండి. గ్లాసెడు బొరుగుల బరువును గ్లాసు ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది గింజ సాంద్రత కాదు, మధ్యలోని గాలితో కలిపిన లెక్క. గింజది కావాలంటే ఆవాల బదులు సన్న రవ్వ, పోత మాత్రం అదే. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో రవ్వ ఉండకడుతుంది, జల్లించి వాడండి. గది వేడికి నీటి సాంద్రత మారుతుందని వాదించేవాళ్లకు ఒకటే మాట: 30 డిగ్రీల దగ్గర తేడా అర శాతం కూడా ఉండదు.